ఏడో అంతస్తులో ఎక్కినవాడు

2006 జూలై 9, ఆదివారం

పక్కింటావిడ ఇవాళ కూడా ఎవరినో తిట్టింది. మధ్యాహ్నం మూడింటికి మొదలు. గోడ పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ విన్నాను. గుక్క తిప్పుకోకుండా పది నిమిషాలు... ఎదుటి మనిషి నుంచి ఒక్క మాట లేదు. ఆ మొగుడెవరో గాని, దేవుడి లాంటివాడు.

బావ నిద్ర లేచాక చెప్పాను.

"పక్కింటి గొడవలు మనకెందుకే? రేపు పోలీసులొస్తే సాక్ష్యం అడుగుతారు. నువ్వేమీ వినలేదు, అంతే."

సరే. వినలేదు.

జూలై 11, మంగళవారం

ఇవాళ పన్నెండు నిమిషాలు వినలేదు.

జూలై 13, గురువారం

అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి కాగితం. పాటియోలో, అంటే మన వాకిట్లాంటి చోట, బట్టలు ఆరేయకూడదట. బావ రెండుసార్లు చదివి వినిపించాడు, నాకు భయం పుట్టాలని. టెక్సాస్‌లో ఇంత ఎండ ఉచితంగా కాస్తుంటే దాన్ని వదిలేసి కరెంటుతో బట్టలు ఆరబెట్టడం నా వల్ల కాదు. తాడు మోకాలి ఎత్తుకి దించి కట్టాను. కూర్చుని ఆరేస్తే కంచె అవతలికి కనపడదు.

పక్కింటి తిట్లు తిట్లు కావు. వెనకాల దరువుంది. ముందు క్యాసెట్ వేస్తుంది. అందులో ఒక పడుచు గొంతు, జనం కేకలు, చప్పట్లు. ఆ తర్వాత క్యాసెట్ ఆపి అదంతా ఈవిడ చెబుతుంది. సగంలో ఆగిపోతుంది. రోజూ ఒకే చోట. ఆగి తనని తాను ఏదో అనుకుంటుంది. అది మాత్రం తిట్టే.

"ర్యాప్" అన్నాడు బావ. "కుర్రాళ్ళు పాడతారు. ఈవిడకేం పని?"

జూలై 16, ఆదివారం

ప్రమీల గారింట్లో భోజనాలు. డాక్టరు. వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఇక్కడ మా కాపెల్‌లో ఏ తెలుగు పండగైనా ఆవిడ మైకు పట్టుకుంటేనే మొదలవుతుంది. నేను వంటింట్లో సింకు పక్కన నిలబడ్డాను. అక్కడైతే చేతికి పని ఉంటుంది, నోటికి ఉండదు. అయినా పట్టుకున్నారు.

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఏడు."

"అయ్యో, ఏడో సెమిస్టర్‌లో పెళ్ళి చేసేశారా! ఇంకొక్కటి ఆగలేకపోయారా?"

నేను నవ్వాను. బావ సాంబారు గిన్నె వైపు చూశాడు. అత్తయ్య పట్టుబట్టి తమ్ముడి కూతుర్నే చేసుకోమంది గాని, లేకపోతే ఎనిమిదో సెమిస్టర్ కూడా పూర్తయిన పిల్ల దొరికేది బావకి.  

జూలై 18, మంగళవారం

అది కథ! ఇవాళ అంకెలు పట్టుకుంటూ విన్నాను. అంకెలు వచ్చు కదా.

పెద్ద మేడ. లిఫ్టు. కింద పెళ్ళికూతురు ఎక్కుతుంది. పెళ్ళి పైన డాబా మీద. ఒక్కో అంతస్తులో ఒక్కొక్కరు ఎక్కుతారు. రెండులో పోలీసు. మూడులో కేకు పట్టుకున్న మేనత్త. నాలుగులో కుక్క. ఐదులో చేపలావిడ. ఆరులో ఎవరో మగవాడు. క్యాసెట్‌లో జనం అక్కడ "ఓ..." అంటారు కాబట్టి పెళ్ళికూతురికి బాగా తెలిసినవాడే. ఏడులో పరుపు మోసుకుంటూ ఒకాయన. పరుపు అని ఎలా తెలిసిందంటే, బావ ఆఫీసు దారిలో సగం బోర్డులు ఆ మాటే.

ఇంతమందితో ఆ లిఫ్టు పైకి పోతుందా? క్యాసెట్‌లో పోతుంది. పక్కింట్లో మాత్రం రోజూ ఏడు దగ్గర ఆగిపోతోంది.

జూలై 20, గురువారం

చచ్చాను.

తాడు దగ్గర గొంతుక్కూర్చుని చీర ఆరేస్తున్నాను. ఆవిడ ఇవాళ పాటియోలోకి వచ్చి చెబుతోంది. కంచె అవతలే. రెండు, మూడు, నాలుగు... నేనూ లోపల్లోపల వెళ్తున్నాను. ఆరు. "సెవెంత్ ఫ్లోర్..." ఆగింది. మళ్ళీ, "సెవెంత్ ఫ్లోర్..." ఇంకోసారి, గొంతు తగ్గించి. ఆ మూడోసారి వినలేకపోయాను.

"మ్యాన్ విత్ ఎ మ్యాట్రెస్!"

నేను అనలేదు. దానంతట అదే వచ్చింది. అంత గట్టిగా ఈ దేశంలో నేనింతవరకు మాట్లాడలేదు.

కంచె మీద ఒక తల లేచింది. తెల్లజుట్టుకి చుట్టలు చుట్టిన రోలర్లు, చెవులకి గాజులంత రింగులు.

"హూ సెడ్ దట్?"

తడి చీర నెత్తిమీద కప్పుకుని అలాగే కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. చీర ఆరిపోయింది.

జూలై 21, శుక్రవారం

తలుపు కొట్టింది. బాత్‌రూములో దాక్కున్నాను. వెళ్ళాక చూస్తే గుమ్మంలో ప్లేటులో కేకు ముక్క, చీటీ. సాయంత్రం బావ చదివాడు. "ఏడో అంతస్తు సంగతి నీకెలా తెలుసు? ఎనిమిది కూడా తెలుసా? లోరెట్టా."

బావ ముఖం పాలిపోయింది. "ఇదేదో కోడ్‌లా ఉంది. నువ్వు బయటికి వెళ్ళకు."

కేకు మాత్రం మొత్తం తిన్నాడు.

జూలై 24, సోమవారం

ప్లేటు ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. గారెలు పెట్టి తీసుకెళ్ళాను. గుమ్మంలో పెట్టి పరుగెత్తాలని అనుకున్నాను. తలుపు ముందే తీసి ఉంది.

లోరెట్టా గారు. మొన్నటిదాకా ఇరవై ఏళ్ళు బడి క్యాంటీన్‌లో పిల్లలకి వడ్డించే పని. అంతకుముందు న్యూయార్కు. అక్కడ పగలు టెలిగ్రామ్ ఆఫీసు, ఫోనులో జనానికి టెలిగ్రాములు చదివి వినిపించడం. సాయంత్రం పార్కు. దీపస్తంభం నుంచి కరెంటు లాగి, సౌండు బాక్సులు పెట్టి, జనం ఆడుతుంటే ఈవిడ మైకులో చెప్పేది. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న ఈ ర్యాప్‌కి అప్పటికి పేరు కూడా లేదట. ఆవిడ పేరు మాత్రం ఉంది. లేడీ టెలిగ్రామ్.

మా ఊళ్ళో టెలిగ్రామ్ వచ్చిందంటే చదవకముందే ఏడుస్తారు. చెప్పలేదు.

అక్కడే ఇంకొకాయన, వాల్టర్ గారు. అప్పుడు రికార్డులు తిప్పింది ఆయనే, ఇప్పుడూ ఆయనే. మోకాలు నొప్పి, అందుకని కూర్చుని తిప్పుతాడు. ఆవిడ మాటలు సగం చేతుల్తో, సగం ముఖంతో. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

వంటింటి అలమరాలకి చీటీలు. బియ్యం ఇక్కడ, ఉప్పు ఇక్కడ, తాళాలు ఇక్కడ. చుట్టాలెక్కువ వస్తారేమో.

జూలై 27, గురువారం

సంగతి తెలిసింది. సెప్టెంబర్ 23న డాలస్‌లో ఒక పాత సినిమా హాల్లో ర్యాప్ తొలి రోజుల వాళ్ళందరినీ పిలుస్తున్నారు. నడిపించేది కర్టిస్ అనే ఆయన. ఈవిడకి పన్నెండు నిమిషాలు. అయితే షరతు. 16న రిహార్సల్లో కాగితం లేకుండా మొత్తం చెప్పాలి. కిందటేడు హ్యూస్టన్‌లో ఆరో అంతస్తు దాకా చెప్పి నిలబడిపోయిందట. జనం చప్పట్లు కొట్టారట. "జాలి చప్పట్లు, హనీ. జాలి చప్పట్లకి చప్పుడు వేరు."

ఈసారి ఆగితే లిస్టులోంచి తీసేసి, హాల్లో గోడకి ఫోటో పెడతాడు.

"ఫోటో పెట్టడానికి నేనేం చచ్చానా?" అంది. "పైగా అది నా ఫోటో కాదు!"

చూపించింది. ఆవిడ రికార్డు ఒకే ఒక్కటి వచ్చింది. అట్ట మీద సన్నటి అమ్మాయెవరో నవ్వుతోంది. కంపెనీ వాళ్ళకి లోరెట్టా గారు లావనిపించిందట.

నాన్న గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్ళు బుర్రకథ చెప్పాడు. వాల్‌పోస్టర్ మీద ఆయన పేరెప్పుడూ "మరియు బృందం".

ఆగస్టు 1, మంగళవారం

ఇవాళ లోరెట్టా గారికి బుర్రకథ చెప్పాను. నాకున్న ఇంగ్లీషుతో. మూడు స్పూన్లు నిలబెట్టి. మధ్య స్పూను కథకుడు. కుడిపక్క స్పూను దరువు. ఎడంపక్క స్పూను మా నాన్న — హాస్యపు వంత. కథకుడు చెబుతుంటే ఆహా అనాలి, అలాగా అనాలి, అడ్డమైన ప్రశ్నలు వెయ్యాలి. అదే పని.

ఆవిడ చప్పున అందుకుంది. తనకీ ఒక ఎడంపక్క స్పూను ఉండేవాడట. బిగ్ ఎర్ల్. కేకేస్తే పార్కు అవతల కుక్కలు లేచేవి. ఇప్పుడు ఒక్లహోమాలో పాస్టరు. ఫోన్ చేసింది నా ముందే. స్పీకర్లో పెట్టి కథ మొదలెట్టింది. ఆయన రెండో అంతస్తులో ఆమెన్ అన్నాడు. మూడులో ఆమెన్. చేపలావిడ దగ్గరికొచ్చేసరికి దేవుడు, చేపలు, రొట్టెలు అని ప్రసంగం మొదలెట్టాడు. లోరెట్టా గారు ఫోన్ పెట్టేసింది.

తర్వాత నా వైపు చూసింది. నేను స్పూన్ల వైపు చూశాను.

ఆగస్టు 3, గురువారం

ఎదురుగా కూర్చుంటే నా గొంతు రాదు. చెప్పాను. చూపించాను. నోరు తెరిచాను, గాలి వచ్చింది. వాల్టర్ గారు బాగా ఆలోచించి, బట్టల క్లోజెట్ తలుపు తీశాడు.

కోట్ల మధ్య కూర్చుని తలుపు దగ్గరగా వేసుకుంటే... వచ్చింది. ఆహా! అలాగా! అయ్యో పాపం పోలీసు! తెలుగులోనే. లోరెట్టా గారికి ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ప్రతిదానికీ ఊపు తెచ్చుకుని ఇంకా గట్టిగా చెబుతోంది.

ఏడో అంతస్తు. ఆగింది. నేను పరుపు అని అందించలేదు. అందించకూడదు. కథకుడు మరిచిపోతే మాట అందించడం అవమానం, జనానికి తెలిసిపోతుంది. నాన్న ఏం చేసేవాడంటే, తప్పు చెప్పేవాడు. "ఏనుగొచ్చిందా గురువు గారూ?" అనేవాడు. కథకుడు మండిపడి "ఏనుగేమిట్రా మొద్దూ" అని తిట్టేవాడు. తిట్టేలోపు అసలు మాట గుర్తొచ్చేది. జనం నవ్వులో అది దాగిపోయేది.

క్లోజెట్లోంచి అరిచాను. "ఎలిఫెంట్?"

"ఎలిఫెంటా? లిఫ్టులో ఎలిఫెంట్ ఏంటమ్మాయ్, మ్యాట్రెస్! మ్యాన్ విత్ ఎ మ్యాట్రెస్!"

ఆ తర్వాత డాబా దాకా ఆగలేదు. వాల్టర్ గారు కుర్చీలోంచి లేచాడు, మోకాలు మరిచిపోయి.

ఆగస్టు 6, ఆదివారం

నాన్నకి ఫోన్ చేశాను. పక్క గది నుంచి, మెల్లగా.

"ఆవిడ దగ్గర తంబుర ఉందా?"

"లేదు నాన్నా. ఒకాయన గ్రామఫోను రికార్డుని వేలితో ముందుకీ వెనక్కీ గీకుతాడు."

"రికార్డు పాడైపోదూ?"

"అదే దరువు."

ఫోను మీద వేలితో దరువు వేసి చూసుకున్నాడు. తర్వాత, "ఎడంపక్కన నిలబడు. ఒకడుగు వెనక. ఎంత నవ్వొచ్చినా నువ్వు నవ్వకు. ఆవిడ ఊపిరి చూసుకో, మాట కాదు."

క్లోజెట్ సంగతి చెప్పలేదు.

ఆగస్టు 11, శుక్రవారం

బావకి తెలిసిపోయింది.

ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాడు. నేను ఇంట్లో లేను. ఇల్లంతా వెతికాడు, బాత్‌రూముతో సహా. అప్పుడు గోడ అవతల నుంచి పెళ్ళాం గొంతు. "ఏనుగా? ఎలిఫెంటా? అయ్యయ్యో!" పరుగెత్తుకొచ్చి లోరెట్టా గారి తలుపు బాదాడు. తెరిచి చూస్తే ముసలాయన రికార్డు గీకుతున్నాడు, ఆవిడ చేతులూపుతోంది, నేను కోట్లలోంచి బయటికొస్తున్నాను.

"హాయ్" అన్నాడు బావ.

ఇంటికొచ్చాక అరిచాడు. నన్ను కాదు, గోడని. "మన గ్రీన్‌కార్డ్ ఫైల్ ఎక్కడుందో తెలుసా నీకు? నువ్వు డిపెండెంట్‌వి. ఈ వీసా మీద పని చెయ్యకూడదు. పని!"

"ఆహా అనడం పని కాదు బావా."

"మీ నాన్న ముప్పై ఏళ్ళు ఏం చేశాడు మరి?"

వెళ్ళి తాడు మీది బట్టలు తీశాను.

ఆగస్టు 14, సోమవారం

బావ కంపెనీ లాయరుకి ఈమెయిల్ రాశాడు. గంటన్నర. నాకు చదివి తెలుగులో చెప్పాడు. "నా భార్య ఒక సాంస్కృతిక కార్యక్రమంలో, ఏ ప్రతిఫలమూ లేకుండా, సుమారు నలభైసార్లు ఆహా అనును. ఒకసారి ఎలిఫెంట్ అనును. దయచేసి ధ్రువీకరించగలరు."

ఆగస్టు 17, గురువారం

జవాబు. "ఇట్ డిపెండ్స్." కింద మూడు పేజీలు.

బావకి అర్థమైంది ఏమిటంటే: ఊరికే చేస్తే ఫరవాలేదు. కాని మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేసి, ఒక అమెరికన్ పొట్ట కొట్టకూడదు.

"ఈ దేశంలో ఆహా అని బతికే అమెరికన్ ఎవరున్నాడు బావా?"

బావ ఆలోచించి, "బిగ్ ఎర్ల్" అన్నాడు.

ఆగస్టు 25, శుక్రవారం

బావ అడిగి రాయించుకున్న ఉత్తరం ఒక్లహోమా నుంచి, బిగ్ ఎర్ల్ దగ్గర్నుంచి వచ్చింది. చర్చి ముద్రతో. తనకు ఈ పని వద్దని, ఆత్మ అంగీకరించదని, రత్నం అనే సోదరి, అంటే నేను, నిరభ్యంతరంగా చేసుకోవచ్చని. చివర మా కుటుంబం కోసం ప్రార్థన.

బావ రెండు కాపీలు తీసి ఫోల్డర్‌లో పెట్టాడు. ఇప్పుడు తృప్తిగా ఉన్నాడు. బొత్తిగా ఇష్టం లేదంటూనే 16న తనే డ్రైవ్ చేస్తానన్నాడు. "నియమాలు పాటిస్తున్నారో లేదో చూడాలి కదా."

ఆగస్టు 27, ఆదివారం

ప్రమీల గారికి ఎవరు చెప్పారో. గుడిలో పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఆ పాటల్లో బూతులుంటాయట కదా?"

నాకేం తెలుసు? వచ్చి లోరెట్టా గారిని అడిగాను. ఆవిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"మా అమ్మ ముందు వరుసలో మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. చెప్పు ఆవిడకి! నా కథలో చెడ్డమాట ఒక్కటే. మా ఇంటి ఓనరు పేరు."

సెప్టెంబర్ 2, శనివారం

బట్టల గొడవ. లోరెట్టా గారు నాకు ఎర్ర ట్రాక్‌సూట్ కొంది, వీపు మీద తెల్ల పట్టీలు. బావ పట్టుచీర అంటాడు, లాయరుకి సాంస్కృతికం అని రాశాడు గనక. వాల్టర్ గారు తీర్పు చెప్పాడు. కింద చీర, పైన ట్రాక్‌సూట్ జాకెట్. అద్దంలో చూసుకున్నాను. వానలో వినాయకుడి పందిరి దగ్గర కాపలా మనిషిలా ఉన్నాను.

సెప్టెంబర్ 9, శనివారం

మూడింటికి వెళ్ళాను. లోరెట్టా గారు తలుపు తీసి, "ఎవరు కావాలి?" అంది. మర్యాదగా. నేను నవ్వాను, తమాషా అనుకుని. ఆవిడ నవ్వలేదు. కాసేపటికి ముఖం మారింది. "రత్నం! లోపలికి రా, ఎండ" అంది, ఏమీ జరగనట్టు.

అలమరాల మీద చీటీలు చుట్టాల కోసం కాదు.

పార్కింగ్‌లో వాల్టర్ గారు చెప్పాడు. బావ కూడా ఉన్నాడు, అందుకే మొత్తం అర్థమైంది. డాక్టరుకి చూపించారట. జ్ఞాపకం మెల్లగా పోతుందన్నాడట. లిఫ్టు కథ ఒక్కటే ఆ రికార్డు మీదా, క్యాసెట్ మీదా ఉంది. ఇంకా పదకొండు ఉన్నాయి. పార్కుల్లో చెప్పినవి, ఎవరూ టేప్ చెయ్యనివి, కాగితం మీద పెట్టనివి. అవి ఆవిడ తలలో తప్ప ఎక్కడా లేవు.



సెప్టెంబర్ 16, శనివారం

రిహార్సల్. హాలు పెద్దది. క్లోజెట్ లేదు.

కర్టిస్ గారు మొదటి వరుసలో కాలు మీద కాలేసుకుని. వాల్టర్ గారు గీకడం మొదలెట్టాడు. నేను ఎడంపక్కన, ఒకడుగు వెనక. లోరెట్టా గారు మొదటి అంతస్తు... నోరు తెరిచాను. గాలి. రెండు. గాలి. మూడు, నాలుగు, ఐదు. ఆహా లేదు, అలాగా లేదు. ఆవిడ ఒక్కతే మోసుకుంటూ పోతోంది. ఆరు. 

"సెవెంత్ ఫ్లోర్..."

ఆగింది. కర్టిస్ గారు కలం తీశాడు.

"సెవెంత్ ఫ్లోర్..."

అప్పుడు వెనక చీకట్లోంచి బావ గొంతు. లేచి నిలబడి, ఫోల్డర్ ఊపుతూ, "రత్నం! ఏనుగు! ఏనుగే!"

హాల్లో అందరూ వెనక్కి తిరిగి బావని చూశారు. నన్ను ఎవరూ చూడటం లేదు. అంతే, గొంతు వచ్చేసింది. "ఎలిఫెంట్ వచ్చిందా గురువు గారూ?" నా గొంతు కాదది, నాన్నది. లోరెట్టా గారు నా మీదికి తిరిగి "ఎలిఫెంటా!" అని మొదలెట్టి... పరుపు, ఎనిమిది, తొమ్మిది, డాబా, పెళ్ళి, చప్పట్లు.

కర్టిస్ గారు కలం జేబులో పెట్టుకున్నాడు. "ఫోటో అక్కర్లేదు" అన్నాడు. తర్వాత బావని చూపించి, "ఆయన కూడా షోలో ఉన్నాడా?"

"నో నో" అన్నాడు బావ. "ఐ హ్యావ్ హెచ్-వన్."

సెప్టెంబర్ 23, శనివారం

జాకెట్ జిప్పు పడటం లేదు. బావ కారు తీస్తున్నాడు.

సెప్టెంబర్ 24, ఆదివారం

ఏం రాయాలో.

జనం. అందరూ అమ్మమ్మలు, తాతయ్యలు, ట్రాక్‌సూట్లలో. చేతికర్ర పట్టుకుని నాట్యం ఆడారు. లోరెట్టా గారు బంగారు రంగు బూట్లు వేసుకుంది. "లేడీ టెలిగ్రామ్" అని పిలిస్తే ముసలి గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. నేను బావ కోసం చూశాను, చూస్తే ఇంకెవరూ కనపడరని. బావ పక్కన ప్రమీల గారు! పట్టుచీర, చంద్రహారం.

ఆహా వచ్చింది. అలాగా వచ్చింది. ఆరో అంతస్తులో వాడెక్కితే "వీడా!" అన్నాను, తెలుగులో. హాలంతా నవ్వింది. వీడెవడో అన్ని భాషల వాళ్ళకీ తెలుసు.

ఏడో అంతస్తు. ఆగింది. కళ్ళలోకి చూశాను. మరిచిపోలేదు. కళ్ళు నవ్వుతున్నాయి. నా కోసం ఆగింది. నా వంతు నాకివ్వడానికి.

చెప్పాను.

ఆ తర్వాత వచ్చినవి జాలి చప్పట్లు కావు. నాకూ ఇప్పుడు తేడా తెలుసు.

బయట ప్రమీల గారు నా చెయ్యి వదల్లేదు. "దీపావళి ప్రోగ్రామ్‌కి మీ ఇద్దరూ రావాలి. అసలు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఏడో తరగతిలో మానేసి మా నాన్న వెంట తిరిగానండీ. బుర్రకథల్లో."

మొదటిసారి తరగతి అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఓహో, ఫీల్డ్‌వర్క్" అన్నారు.

సెప్టెంబర్ 30, శనివారం

లోరెట్టా గారు మా ఇంటికొచ్చింది. టేబుల్ ముందు కూర్చుని నుదురు తట్టింది. "పదకొండు. రాసుకో, హనీ. ఇవి ఖాళీ చేసుకోవాలి నేను."

వాల్టర్ గారు టేప్ రికార్డర్ తెచ్చాడు. అది చూడగానే ఆవిడకి కథ రావడం లేదు, నాకు కర్టిస్ గారి ముందు మాట రానట్టు. తీసేయమంది. కాబట్టి నేనే. ఈ డైరీ వెనక పేజీల నుంచి, ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో. అర్థం తర్వాత. చప్పుడు ముందు.

మొదటిది అయింది. చలికాలంలో పార్కులో బూటు పోగొట్టుకున్న అమ్మాయి కథ.

అక్టోబర్ 7, శనివారం

రెండోది. ఒక పావురం, ఒక జడ్జి. బావ ఆఫీసు పని చేసుకుంటున్నట్టు లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. స్క్రీన్ ఎప్పుడో ఆరిపోయింది. జడ్జి పావురానికి శిక్ష వేస్తుంటే, "అన్యాయం!" అన్నాడు పైకే.

వాల్టర్ గారు, "ఆయనకి లాయర్ లెటర్ అక్కర్లేదా?"

అక్టోబర్ 14, శనివారం

మూడోది. దీనికంటే మంచిది ఇంతవరకు చెప్పలేదు. వాళ్ళ అక్క గురించి. అక్క ఇంట్లోంచి వెళ్ళిపోయి చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు తిరిగొస్తుంది. వాన. మెట్లు. అమ్మ తలుపు తీస్తుంది. అమ్మ ఏదో అంటుంది. ఆ మాట అన్నాకే...

ఆగింది.

అమ్మ ఏమంది? ఎదురుచూశాను. ఊపిరి చూసుకున్నాను. తర్వాత, ఏనుగందా అన్నాను. గుర్రమందా? పోలీసందా? ఆవిడ నవ్వింది. కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "లేదు హనీ, లేదు" అంది. కాని ఆ మాట రాలేదు. తప్పు చెప్పాలంటే ఒప్పేదో నాకు తెలిసుండాలి. ఇది నాకూ తెలీదు. వాల్టర్ గారివైపు చూశాను. ఆయన నేలవైపు చూస్తున్నాడు. ఆ కథ చెప్పిన సాయంత్రం ఆయన పార్కులో లేడట.

ఇవాళ వంట బావది. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కూర మాడుతున్న వాసన వస్తోంది. అందరికీ తెలుస్తోంది. ఎవరూ కదలటం లేదు. లోరెట్టా గారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. తలుపు తీస్తోంది, మళ్ళీ మొదటి నుంచి, వాన, మెట్లు, తలుపు... నేను కలం దించకుండా ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాను.